సాదుకున్న బిడ్డ

దత్తత మా ఇండ్ల మాట కాదు. జనగామల అడిగినా, మానుకోటల అడిగినా ‘సాదుకున్నం’ అంటరు. తిండి పెట్టి, జ్వరమొస్తే ఒళ్లో పండబెట్టుకుని పెంచటం. చట్టాన్ని మేము ఈ మాట దగ్గర నిలబడి చదువుతున్నం.

శాస్త్రాల దత్తతకు కావలసింది పిండం పెట్టే కొడుకు, ఆస్తికి వారసుడు. అదీ సొంత కులంలోంచే. 1956 హిందూ దత్తత చట్టం కులం షరతు తీసేసింది, ఆడపిల్లనూ తీసుకోవచ్చన్నది. మంచిదే. కానీ కేంద్రం నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు వర్తించదని 2వ సెక్షన్‌లోనే రాసుకున్నది. అంటే మానుకోట లంబాడీలు, భూపాలపల్లి కోయలు బయటనే. ఇరవై ఏండ్లు సాదిన బిడ్డ వారసత్వమడిగితే ఆచారాన్ని కోర్టుల రుజువు చేయాలె. ఆచారానికి కాగితమెక్కడిది? (మనువును ఎవరూ కాగితమడగలేదు!) 2015 జువెనైల్ జస్టిస్ చట్టం దారి తెరిచింది గానీ అదీ కాగితాల దారే.

కాగితాలు ఎట్ల పుడతయో కూడా చూసినం. 1999ల, మళ్లీ 2001ల, లంబాడీ తండాల ఆడపసికందులను కొని విదేశీ దత్తతకు పంపుతున్న వ్యవహారం హైదరాబాదుల బయటపడ్డది. తల్లి బతికుండంగనే బిడ్డ రికార్డుల ‘అనాథ’ అయింది. ఆ తల్లిని ఆచారమేమిటని ఎవరూ అడగలేదు.