ప్రత్యర్థి సూత్రంతోనే అల్లిన వాదన

1912లో అమెరికన్ బార్ అసోసియేషన్ ముగ్గురు న్యాయవాదులను చేర్చుకుంది. వాళ్లు నల్లజాతివాళ్లని ఆ తర్వాత తెలిసింది. గొడవ పడి, చివరికి ఆ ముగ్గురినీ ఉండనిచ్చారు గానీ, ఇకపై చేరేవారి జాతి ఏదో ముందే చెప్పాలని తీర్మానించారు. 1925 ఆగస్టు 1న అయోవా రాష్ట్రంలోని డి మోయిన్‌లో పన్నెండుమంది నల్లజాతి న్యాయవాదులు సొంత సంఘం పెట్టుకున్నారు. అదే నేటి నేషనల్ బార్ అసోసియేషన్. ఆ పన్నెండుమందిలో ఒకే ఒక్క మహిళ గెర్ట్రూడ్ రష్. అదే ఏడు వాషింగ్టన్ నగరంలో పుట్టిన ఇలాంటి సంఘానికి చార్లెస్ హ్యామిల్టన్ హ్యూస్టన్ ఒక స్థాపకుడు.

ఆ తరం పనితనం చూడాలంటే హ్యూస్టన్, ఆయన శిష్యుడు థర్గుడ్ మార్షల్ కలిసి నడిపిన మరే కేసు చదవాలి. 1935లో డొనాల్డ్ మరే అనే యువకుడికి మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం లా కాలేజీలో సీటు నిరాకరించింది. కారణం అతని రంగే. అప్పటికి సుప్రీంకోర్టు 1896లో ఇచ్చిన ప్లెసీ తీర్పు రాజ్యమేలుతోంది: సమానంగా ఉంటే చాలు, వేరుగా పెట్టవచ్చు. ఆ తీర్పు తప్పని ఈ వాదనలో వీళ్లెక్కడా పట్టుబట్టలేదు. సరే, మాకు వేరుగానే పెట్టారు కదా, ఆ సమానమైన లా కాలేజీ ఎక్కడుందో చూపించండి అన్నారు. రాష్ట్రం చూపలేకపోయింది, లేదు కాబట్టి.

ఎంచుకున్న చోటు కూడా గొప్పది. బడిగదుల తేడాల గురించి జడ్జీలకు నచ్చజెప్పాల్సి రావచ్చు. లా కాలేజీ అంటే ఏమిటో వాళ్లకు చెప్పనక్కర్లేదు. బయటి రాష్ట్రంలో చదువుకోమని, ఫీజుకు ఉపకారవేతనం ఇస్తామని అవతలివాళ్లు అన్నారు. మేరీల్యాండ్‌లో ప్రాక్టీసు చేయబోయేవాడు అక్కడి చట్టాన్నీ, అక్కడి కోర్టుల నడవడినీ అక్కడే నేర్చుకోవాలి కదా! కొత్త కాలేజీ కట్టేదాకా ఆగమనడానికీ వీల్లేదు, మరేకు చదువు కావలసింది ఇప్పుడు. బాల్టిమోర్ కోర్టు అతన్ని చేర్చుకోమంది. 1936 జనవరిలో రాష్ట్ర అప్పీళ్ల కోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది.

గొంతు పెంచకుండా, ఎదుటివాడి సూత్రం బరువును వాడి నెత్తినే పెట్టిన ఈ వాదనను ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు. 1938లో మిస్సోరి నుంచి వెళ్లిన గెయిన్స్ కేసులో ఇదే తర్కాన్ని అమెరికా సుప్రీంకోర్టు ఒప్పుకుంది. టెక్సాస్ మరో అడుగు వేసి నల్లజాతివారికంటూ వేరే లా కాలేజీ తెరిచింది. అప్పుడు 1950 నాటి స్వెట్ కేసులో కోర్టు అధ్యాపకుల పేరుప్రతిష్ఠలనూ, పూర్వ విద్యార్థుల పలుకుబడినీ తూకంలో వేసింది. అవి కొత్త భవనంతో వచ్చేవి కావు. వేరుగా ఉంచి సమానం చేయడం ఇక రాష్ట్రాల తరం కాలేదు.