గనిముఖం దగ్గర ఆగిపోయే కథ

పశ్చిమాస్ట్రేలియా బంగారు గనుల గూర్చి వ్రాసినవారిలో మొదెస్తో వారిస్కెట్టి కథ చెప్పనివారు అరుదు. 1907 మార్చి 19న కుండపోత వానకు కూల్గార్డీ దగ్గరి బోనీవేల్ గనిలోకి వరద దిగింది. తక్కిన కార్మికులు పైకి వచ్చేశారు. పదవ అంతస్తుకు మీదుగా తవ్విన గూటిలో పనిచేస్తూన్న యీ ఇటాలియన్ వలస కార్మికుడొక్కడే చిక్కుబడ్డాడు. డ్రిల్లుకు వచ్చే ఒత్తిడిగాలి ఆ గూటిలోకి నీటిని ఎక్కనివ్వలేదు. రాతిమీద అతను కొట్టిన చప్పుడే అతను బతికివున్నాడని పైవారికి తెలిపింది. ప్రత్యేక రైలులో డైవర్లనూ, వారి సామగ్రినీ రప్పించారు. ఫ్రాంక్ హ్యూస్ అనే డైవరు మునిగిన సొరంగంలోంచి వెళ్ళి తిండీ, వెలుతురూ అందించాడు. మార్చి 28న అతన్ని బయటికి తెచ్చాడు.

కథకులు ఇక్కడే కలం క్రింద పెట్టేస్తారు. నా తగాదా ఇక్కడే.

ఆ బంగారు క్షేత్రాలలోనే 1904లో విదేశీ కార్మికుల వలసమీద రాయల్ కమిషన్ విచారణ జరిపింది. 1934లో కల్గూర్లీలో అల్లరిమూకలు ఇటాలియన్ల, స్లావుల యిళ్ళూ దుకాణాలూ తగలబెట్టాయి. కనుక ఆ తొమ్మిదిరోజుల ఆదరణ వట్టి బూటకమని కొందరు అనవచ్చు. నేననను. పరాయివాడి కోసం ఆ చీకటి నీళ్ళలోకి దిగినవాడి సాహసం అసలైనదే. వచ్చిన చిక్కల్లా, కథలో హ్యూస్‌కు ముఖం వుంది, గతం వుంది. వారిస్కెట్టికి మిగిలింది రాతిమీద చప్పుడు మాత్రమే. అతని భాష రాకపోవడం రచయితకు సాకు కాదు. బెర్గామో ప్రాంతపు గోర్నోలో తల్లిలేని అయిదుగురు పిల్లలను వదలి అతను అంతదూరం వచ్చాడు. ఎందుకొచ్చాడన్న ప్రశ్నను ఒక్క వాక్యంతో దాటేసే కథను నేను సగం కథనే అంటాను.

రెండవ సగం మరీ అన్యాయమైపోయింది. బతికి బయటపడ్డ మనిషి తిరిగి గనిపనికే వెళ్ళాడు. రాతిదుమ్ము ఊపిరితిత్తులను గట్టిపరచగా 1920లో మరణించాడు. వరదను వర్ణించడం తేలిక: నీరు ఎక్కుతుంది, గంటలు లెక్కపెట్టవచ్చు, పైన జనం గుమిగూడుతారు. దుమ్ముకు అలాంటి నాటకం లేదు. షిఫ్టు వెంట షిఫ్టుగా, పదమూడేళ్ళపాటు ఊపిరి కురచనవడాన్ని చిత్రించాలంటే వేరే శిల్పం కావాలి, ఓపికా కావాలి. బోనీవేల్ మీద ఎవరైనా నవల వ్రాయబూనితే, మార్చి 29 ఉదయంతో మొదలుపెట్టమంటాను. అప్పటికి జనం యిళ్ళకు వెళ్ళిపోయివుంటారు. గోర్నోలో పిల్లలు మాత్రం అతని సంపాదన మీదే ఆధారపడివున్నారు.