ఎవరి గొంతుకు లైసెన్సు?

వనపర్తిలో అమ్మాయిలను అడిగాను: కాలేజీ రేడియో ఉంటే ఏం వినిపిస్తారు? గద్వాల అమ్మాయి హాస్టల్ గేటు మూసే వేళ గురించి అంది. "అది విద్యా కార్యక్రమం కాదు," అన్నారో అధ్యాపకుడు.

ఏది విద్య? గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో ప్రభుత్వం విద్యాసంస్థలకు మాత్రమే తలుపు తీసింది. జహీరాబాద్ దగ్గరి మాచనూరులో దళిత స్త్రీల స్టూడియో 1998 నుంచీ సిద్ధంగా ఉన్నా, స్వచ్ఛంద సంస్థలకు 2006 దాకా అనుమతే లేదు. వాళ్ళు మాత్రం ఆగలేదు. మాటా పాటా క్యాసెట్లలో నింపి సంఘాల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది.

కాలేజీకైనా, సంఘానికైనా సొంత వార్తలు ఇప్పటికీ నిషేధమే. ఆ కత్తెర చట్టానిది. గేటు మాటను కత్తిరించింది మాత్రం మనమే.