మండీ వెనక సముద్రం

మాదన్నపేట మండీలో కూరగాయల బేరాలు జోరందుకునే వేళకు, నాలుగు గల్లీల అవతల ఒక మేడ గదిలోని గాజు టాంకీలో రెండు కళ్లు రాతి కన్నంలోంచి తొంగిచూస్తాయి. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు. బైకలర్ బ్లెన్నీ! ముందు సగం ముదురు నీలం, వెనక సగం నారింజ. నిండా పెరిగినా జానెడులో సగమే. విశాఖ రాళ్ల మడుగుల్లో గెంతే చేపలు దీని దాయాదులే.

బ్లెన్నీలకు పొలుసులుండవు, ఒళ్లంతా జిగురు. పెద్దయ్యాక గాలి తిత్తీ ఉండదు. అందుకే ఇది నీళ్లలో తేలదు. ముందు రెక్కల మీద మోచేతులు ఆన్చినట్టు కూచుని మనల్నే చూస్తుంది. చూస్తూ కూచుంటే టీ చల్లారిపోతుంది.

దాన్ని ఆరేళ్లుగా సాకుతున్న మా చాచా పనితనం గురించి ఎంత చెప్పినా తక్కువే. నీళ్లు చల్లబరిచే చిల్లర్ మిషను లేదు. హైదరాబాద్ ఎండల్లో నీటిమీదికి చిన్న ఫ్యాను తిప్పి, ఆవిరితోనే చల్లబరుస్తాడు. గాజు మీద మార్కర్‌తో ఒక గీత. నీళ్లు గీత కిందికి దిగితే ఉప్పునీళ్లు కాదు, ఉత్త ఆర్‌ఓ నీళ్లే పోస్తాడు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు టాంకీలోనే ఉండిపోతుంది. లీటరుకు 35 గ్రాముల మెరైన్ సాల్ట్. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ పెడితే 1.025. వెనక గాజు మీది నాచును చచ్చినా తుడవడు. బ్లెన్నీ దువ్వెన పళ్లతో గీరి తిన్న చోటల్లా ముద్దు పెట్టినట్టు గుర్తులు పడతాయి. పొద్దున్నే వాటిని చూసి, దాని పొట్ట గుండ్రంగా ఉందో లేదో చూసి, అప్పుడే నాష్తాకు కూచుంటాడు.

ఈ విద్య పాతదే. లండన్ జూలో 1853లోనే జనం చూసే అక్వేరియం తెరిచారు. నాకు మాత్రం అసలు ఉస్తాద్ జకార్తా వాసి లీ చిన్ ఎంగ్. జీవమున్న రాళ్లూ గాలి బుడగలతోనే గాజుపెట్టెలో సముద్రాన్ని నిలపొచ్చని 1961లో లోకానికి చెప్పాడు. యంత్రాల మోజుగాళ్లు ఏమన్నా అననీ, నేను ఆయన పక్షమే. మన దగ్గర పగడాలు 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, వాటి జోలికి పోకూడదు. అందుకే చాచా జీవమున్న రాళ్లకు బదులు ఎండు రాళ్లే నానేశాడు. చేప మలినంలోని అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా వాటిలో కుదురుకోవాలి. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఆ ఓపిక నాకు లేకపోయింది. ఒక కొట్టువాడు "ఇవాళే వేసుకోండి సార్" అన్నాడు, వేసుకున్నాను. తొమ్మిదో రోజుకు నా బ్లెన్నీ చచ్చింది. చాచా నీళ్లకేసి చూసి, "టాంకీ కచ్చా హై, బేటా" అన్నాడు, అంతే.

ఇప్పుడు బజారంతా ఈ కచ్చా యాపారమే. ప్లాస్టిక్ పగడాలు, రంగు గులకరాళ్లు, ఫొటో కోసం కొన్న చేప! సముద్రంలో, ఇతర చేపల ఒళ్లు శుభ్రం చేసే శుద్ధిచేప వేషం కట్టి, దగ్గరికొచ్చిన చేపల రెక్కలు కొరికే దొంగ బ్లెన్నీ ఒకటుంది. ఈ కొట్లవాళ్లకంటే అదే నయం, పొట్టకూటికి కొరుకుతుంది. కొన్ని దేశాల్లో సయనైడ్ చల్లి మరీ చేపల్ని పడతారు; అలా పట్టినవి కొన్నప్పుడు చలాకీగానే ఉంటాయి, ఇంటికొచ్చాక పోతాయి.

అయ్యా, బ్లెన్నీ కొనాలనిపిస్తే ముందు టాంకీని పండనివ్వండి. మూత తప్పక పెట్టండి, ఇది దూకుతుంది. కొట్లో మీ కళ్లముందే మేత వేయించండి. తినకపోతే ఖాళీ చేతులతో తిరిగొచ్చేయండి.