‘విస్తరణ’ అనే మాట వెనుక: మెయిజీ జపాన్ పాఠం – భాషా పరిశీలన

ప్రవేశిక:
ఒక దేశపు పారిశ్రామిక ప్రగతిని, విదేశీ విస్తరణను బోధించేటప్పుడు సంఘటనలతో పాటు వాటిని చెప్పే వాక్యాలనూ పరిశీలించవలసి ఉంటుంది. మెయిజీ యుగపు (1868–1912) జపాన్ ఇందుకు తగిన ఉదాహరణ. తరగతిలో ఈ పాఠాన్ని సాధారణంగా ప్రగతి, యుద్ధాలు అని రెండు భాగాలుగా చెబుతాం. లోపం ఈ విభజనలోనే ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

రెండు అధ్యాయాలు – ఒకే చరిత్ర:
1872లో ప్రభుత్వం తొమియొకాలో నెలకొల్పిన పట్టు మిల్లును, 1901లో ఉత్పత్తి ప్రారంభించిన యవాటా ఉక్కు కర్మాగారాన్ని ప్రగతికి గుర్తులుగా చూపుతాం. అయితే యవాటా నిర్మాణ వ్యయంలో కొంత భాగం 1894–95 యుద్ధంలో ఓడిన చైనా చెల్లించిన పరిహారం నుంచి వచ్చింది. షిమొనొసెకి సంధి ఆ పరిహారాన్ని 20 కోట్ల టేల్‌ల వెండిగా నిర్ణయించింది. టేల్ అనేది చైనా వెండి తూకం. కర్మాగారానికి ఇనుప ఖనిజం కూడా చైనాలోని దాయే గనుల నుంచి వచ్చేది. అదే సంధితో తైవాన్ జపాన్ వశమైంది. కనుక ముందు పరిశ్రమ, తరువాత విస్తరణ అనే వరుస సరిపోదు. ఒక యుద్ధపు రాబడి పరిశ్రమకు పెట్టుబడి కాగా, ఆ పరిశ్రమ సైనిక శక్తికి ఆధారమైంది.

కర్త కనబడని వాక్యాలు:
“1910లో కొరియా జపాన్‌లో విలీనమైంది” అనే వాక్యంలో క్రియ అకర్మకం. కొరియా తానే వెళ్ళి కలిసినట్టు ధ్వనిస్తుంది. “జపాన్ కొరియాను ఆక్రమించుకుంది” అన్నప్పుడు కర్త, కర్మ రెండూ స్పష్టమవుతాయి. ‘విస్తరణ’ స్వభావమూ ఇటువంటిదే. తీగ విస్తరిస్తుంది, చెట్టు నీడ విస్తరిస్తుంది. ఎవరి నేల మీదికి అన్న ప్రశ్నకు ఆ మాటలో చోటు లేదు.

జపాన్‌లోనే ఈ విషయం వివాదమైంది. పాఠ్యపుస్తకాల్లో దురాక్రమణ అనే అర్థమున్న ‘షిన్‌ర్యాకు’కు బదులు, ముందుకు సాగడమనే అర్థమున్న ‘షిన్‌షుత్సు’ను వాడించారన్న వార్తలపై 1982లో చైనా, దక్షిణ కొరియా నిరసన తెలిపాయి. ఆ వార్తల్లో కొన్ని వివరాలు సరికావని తరువాత తేలింది. అయినా పొరుగు దేశాలతో అవగాహనను దృష్టిలో ఉంచుకోవాలన్న నియమం అదే ఏడాది పాఠ్యపుస్తక ప్రమాణాల్లో చేరింది. చరిత్రకారుడు ఇయెనగా సబురో 1965లో మొదలుపెట్టిన పాఠ్యపుస్తక వ్యాజ్యాలు 1997 దాకా సాగాయి.

ముగింపు:
‘ఆక్రమణ’ అనడం విద్యార్థిపై తీర్పును రుద్దడమేనన్న ఆక్షేపణ రావచ్చు. కర్తను పేర్కొనడం తీర్పు కాదు, సమాచారం. జపాన్ కార్మికుల శ్రమను ఇది తగ్గించదు. 1905లో రష్యాపై జపాన్ విజయం భారత జాతీయవాదులను ఉత్తేజపరిచింది. అదే ఏడాది జపాన్ కొరియాను తన ‘రక్షిత రాజ్యం’గా మార్చుకుంది. మొదటి వాక్యాన్ని చెప్పి రెండవదాన్ని వదిలితే పాఠం సగమే అవుతుంది. మన దేశంలో వేసిన రైలుమార్గాల గురించి ‘ఎవరి సొమ్ముతో, ఎవరి కోసం’ అని అడగడం విద్యార్థికి నేర్పుతున్నాం. మనం మెచ్చుకునే దేశాన్నీ అదే ప్రశ్న అడగగలిగినప్పుడే ఆ బోధన సార్థకమవుతుంది.