‘పి’ మీద బరువు మోపకండి

వానలు పడ్డాక పెన్‌గంగ మీది సహస్రకుండ్ జలపాతం చూడటానికి ఆదిలాబాద్, నిర్మల్ వైపు నుంచి తెలుగు కుటుంబాలు ఇస్లాపూర్ వస్తుంటాయి. ఏటి ఒడ్డు నేల కాబట్టి ఏ కారైనా ఎటో ఒకవైపు వాలి నిలబడుతుంది. ఆటోమేటిక్ కారున్నవాళ్లలో చాలామంది లివరును ‘పి’లోకి నెట్టి, బ్రేకు మీది కాలు తీసి దిగిపోతారు. కారు కాస్త జరిగి ఆగుతుంది. నా అభ్యంతరమంతా ఆ కాస్త జరగడం మీదే. ‘పి’ అంటే గేర్ బాక్సులో పళ్ల చక్రం సందున పడే చిన్న ఇనుప కొక్కెం. టన్నుకు అటూ ఇటూ ఉండే కారు దాని మీద వాలుతుంది. బయల్దేరేటప్పుడు లివరు బిగుసుకుని ఠక్కుమనేది అందుకే. చక్రాలను పట్టి ఉంచడం హ్యాండ్ బ్రేకు పని, కొక్కెం దానికి తోడు. కాబట్టి ఫుట్ బ్రేకు తొక్కి న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేకు లాగి, కాలు మెల్లగా వదిలి బరువు దాని మీదికి రానివ్వాలి. ఆ తర్వాత మళ్లీ బ్రేకు తొక్కి ‘పి’ పెట్టాలి.

కంపెనీ ‘పి’ ఇచ్చిందే కారు నిలపడానికి కదా అంటారు. నిజమే, ఆ కొక్కెం అంత తేలిగ్గా విరగదు. కానీ లివరు ‘పి’లోనే పడిందన్న నమ్మకం ఏమిటి? వదలగానే మధ్యకు వచ్చేసే లివరు వల్ల డ్రైవర్లు ‘పి’లో ఉందనుకుని దిగిపోతున్నారని 2016లో ఫియట్ క్రిస్లర్ సుమారు 11 లక్షల వాహనాలను రీకాల్ చేసింది. ఆ జూన్‌లోనే నటుడు ఆంటన్ యెల్చిన్ ఇంటి ముందు వాలులో తన జీప్ గ్రాండ్ చెరోకీయే దొర్లి వచ్చి నొక్కేయడంతో చనిపోయాడు. ఆ జీపు రీకాల్ చేసినవాటిలోదే. అలాంటి లోపం ఉన్న బండిని కూడా ఆపగలిగేది హ్యాండ్ బ్రేకే. మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో మొదలైన ఏఎంటీ కార్లలో చాలావాటికి అసలు ‘పి’ లేదు. లోపలిది మాన్యువల్ గేర్ బాక్సే, క్లచ్ పని, గేర్లు మార్చే పని మాత్రం యంత్రం చేస్తుంది. వాటిని న్యూట్రల్‌లో వదలకుండా, గేరులో ఉంచి ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేకు కూడా వేయాలి.

వానాకాలంలో హ్యాండ్ బ్రేకు పట్టేస్తుందన్న మాటను కొట్టిపారేయలేను. తడిసిన డ్రమ్ములు రోజుల తరబడి కదలకపోతే అంటుకుంటాయి. కారును వారాలపాటు ఇంటి దగ్గర వదిలేవాళ్లు సమంగా ఉన్న నేల మీద చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు లేకుండా ‘పి’లో ఉంచవచ్చు. జలపాతం దగ్గర రెండు గంటలు ఆగే కారుకు ఆ భయం లేదు. పైగా అక్కడ పిల్లలు ముందుగా దిగి బండి వెనకాలే నిలబడతారు. హ్యాండ్ బ్రేకు పడేదాకా తలుపులు తీయనివ్వకండి.