విస్మృతియు విజయమును: ‘ర్యాండమ్ హార్వెస్ట్’ నవల

ఆంగ్లనవలాకర్తయగు జేమ్సు హిల్టను (1900–1954) రచించిన ‘ర్యాండమ్ హార్వెస్ట్’ 1941వ సంవత్సరమునఁ బ్రకటింపఁబడినది. కథానాయకుఁడగు చార్లెసు రెయినియరు మొదటి ప్రపంచయుద్ధమున గాయపడిన సైనికోద్యోగి. 1919 డిసెంబరులో లివర్పూలు నగరోద్యానమున నొక బల్లపై నతనికి స్పృహ వచ్చును. యుద్ధరంగమున గాయపడిన క్షణము మొద లానాఁటివఱకు జరిగిన దేదియు నతనికి జ్ఞప్తి లేదు. అతఁడు స్వగృహమునకు మఱలి, చెడిపోవుచున్న కుటుంబవ్యాపారము నుద్ధరించి, ధనవంతుఁడై, పార్లమెంటు సభ్యుఁడు నగును. లోకదృష్టి నిది సంపూర్ణవిజయము. ఐనను, ఆ పోయిన కాలములోఁ దా నెవ్వఁడో, ఎవ్వరిఁ బ్రేమించెనో యను ప్రశ్న యతనిని విడువదు.

ఆ మఱుఁగుపడిన కాలమున నతఁడు ‘స్మిత్తు’ అను పేరఁ బరఁగుచు, పౌలా యను నాటకనటిని బెండ్లాడి యుండెను. పిమ్మట నతనికిఁ గార్యదర్శినిగాఁ జేరి, యతని యభ్యుదయమునకుఁ దోడ్పడి, తుదకు భార్యయైన స్త్రీయే యా పౌలా యని తుదిపుటలోఁ గాని పాఠకునికిఁ దెలియదు. విమర్శకుఁ డీ రహస్యమును బయలుపఱుపక తప్పదు. గ్రంథగుణదోషములు రెండును దీనియందే కలవు.

గోపనమును నిర్వహించుటలో హిల్టను నేర్పు మెచ్చఁదగినది. కథ చెప్పువాఁడు నాయకుఁడు గాఁడు. అతని కొలువున నున్న హారిసను. తా నెఱుఁగనిదానిని హారిసను చెప్పఁజాలఁడు. కాఁబట్టి పాఠకుఁడు తాను వంచింపఁబడితినని తలంపఁడు. రెండవమాఱు చదువునపుడు, గృహిణి యతిథులను మన్నించుటయు, భర్త యన్వేషణమును సహించుటయు వేఱొక యర్థమును దాల్చును. మొదట మర్యాదగాఁ దోఁచినది పిమ్మట నిరీక్షణముగాఁ గన్పట్టును. ఒక్కమాఱు చదివి పాఱవేయఁదగిన రహస్యకథలకును దీనికిని గల భేద మిదియే.

అయినను నిందొక లోపము కలదు. విస్మృతియే వస్తువుగాఁ గల యభిజ్ఞానశాకుంతలముతోఁ బోల్చిన నది స్పష్టమగును. భారతకథలో లేని దూర్వాసశాపమును గాళిదాసు కల్పించి, నాలవయంకముననే ప్రేక్షకునికిఁ దెలియఁజేసెను. పంచమాంకమున దుష్యంతుఁడు శకుంతలను నిరాకరించునపుడు శాపమును రాజు నెఱుఁగఁడు, శకుంతలయు నెఱుఁగదు. ఎఱిఁగిన సఖులు సభలో లేరు. ఎఱిఁగి చూచువాఁడు ప్రేక్షకుఁ డొక్కఁడే. ఆ యెఱుకవలననే కరుణము పొంగును.

హిల్టను దీనికి విపరీతమైన మార్గమును ద్రొక్కెను. తన్ను మఱచిన భర్త యెదుటఁ బ్రతిదినమును నోరు విప్పక మెలఁగిన స్త్రీ హృదయమే యీ కథలో మిక్కిలి విలువగల వస్తువు. రహస్యరక్షణార్థ మా హృదయము పాఠకునికి మూయఁబడినది. ఆమె యేల యూరకుండెనో, ఏమి యాశించెనో యని యతఁడు తలపోయుతఱికి గ్రంథమే ముగియును.

1942లో మెర్విను లెరాయి దర్శకత్వమున వెలువడిన చలనచిత్ర మీ విషయమును నిరూపించినది. అక్షరములలోఁ బేరు మార్చినఁ జాలును; తెరపై ముఖమును దాఁచుట యసాధ్యము. గ్రీరు గార్సను కార్యదర్శినిగాఁ గన్పట్టఁగనే ప్రేక్షకుఁడు పౌలాను గుర్తించును. నవలలోని యాశ్చర్యము పోయినది. దానికి మాఱుగా నామె వేదన కథకు నడుమఁ జేరినది. చిత్రము తెలిసియో తెలియకయో కాళిదాసు త్రోవనే నడచెను.

రెయినియరు విజయమును హిల్టను నిందింపలేదు. అది చాలదని మాత్రము చూపెను. సంపదయుఁ బదవియు మనుజుని లోకమునకుఁ దెలుపును గాని, తన్నుఁ దనకుఁ దెలుపవు. ఈ సత్యమును గథగా మలఁచుటయే నవలకు బలము. ఆ సత్యమునకు వెల చెల్లించిన స్త్రీకిఁ దుదిపుట మాత్రమే దక్కుట దాని కొఱఁత.